వెల్డింగ్ రోబోకు టీసీపీ సెట్ చేయడం

టీసీపీ (టూల్ సెంటర్ పాయింట్) అంటే వెల్డింగ్ టార్చ్ మొన ఇక్కడుందని రోబో నమ్మే బిందువు. టార్చ్ దేనికైనా గుద్దుకున్నా, మెడ మార్చినా దాన్ని మళ్లీ చూసుకోవాల్సిందే. లేదంటే సీమ్ (వెల్డింగ్ గీత) పక్కకు పోతుంది, తిట్లు ప్రోగ్రాముకు పడతాయి.

టేబుల్‌పై మొనదేలిన పిన్నును కదలకుండా బిగించండి. కాంటాక్ట్ టిప్ (టార్చ్ చివర వెల్డింగ్ తీగ బయటికొచ్చే చిన్న గొట్టం) తీసి, సూదిమొన గేజ్ పెట్టండి. దాని మొన, టిప్ నుంచి తీగ బయటికి ఉండే దూరంలో (మామూలుగా 15 మి.మీ.) రావాలి. తీగతోనే కొలిస్తే చుట్ట నుంచి వచ్చిన వంపు లెక్క తప్పిస్తుంది.

వేగం 250 మి.మీ./సె. దాటని టీచ్ మోడ్‌లో (రోబోను చేత్తో నడిపి పాయింట్లు నేర్పే మోడ్) రెండు మొనలనూ తాకీ తాకనట్టు కలిపి, నాలుగు వేర్వేరు కోణాల్లో పాయింట్లు రికార్డు చేయండి. బద్ధకించి పది డిగ్రీల తేడాతో నాలుగూ కానిస్తే స్క్రీన్‌పై ఎర్రర్ తక్కువే కనిపించినా టీసీపీ తప్పు రావచ్చు. మిగ్‌కు (తీగ కరిగించి చేసే గ్యాస్ వెల్డింగ్ రకం, MIG) 0.5 మి.మీ. లోపు ఎర్రర్ చాలు. ఈ పద్ధతిలో మొన స్థానమే వస్తుంది. టార్చ్ వాలు విడిగా ఇవ్వాలి.

తర్వాత మొనను పిన్ను దగ్గరే ఉంచి, టూల్ కోఆర్డినేట్లలో (టార్చ్‌నే ఆధారంగా తీసుకున్న అక్షాల్లో) మూడు అక్షాల చుట్టూ తిప్పండి. 1 మి.మీ. మించి జరిగితే మళ్లీ మొదటి నుంచే. అంతా సరిగ్గా ఉన్నా సీమ్ తప్పుతోందా? కాంటాక్ట్ టిప్ చూడండి, రంధ్రం అరిగి కోలగా మారి ఉండొచ్చు.