ఫుల్‌స్టాప్ కొటేషన్ లోపలా, బయటా?

అమెరికా యూనివర్సిటీలకు ఎస్‌ఓపీ (అడ్మిషన్ కోసం మన లక్ష్యాలు చెబుతూ రాసే వ్యాసం) రాస్తున్నవాళ్లు పంపేముందు ఈ చిన్న విషయం ఒకసారి సరిచూసుకోండి. మనకు ఎక్కువగా అలవాటైంది బ్రిటిష్ పద్ధతి. అందులో ఫుల్‌స్టాప్, కామా కోట్ చేసిన మాటలో భాగమైతేనే లోపల ఉంటాయి, లేకపోతే బయటికి వస్తాయి. అమెరికాలో అలా కాదు. కోట్ చేసింది ఒక్క పదమే అయినా సరే, ఆ రెండూ లోపలే.

హి కాల్డ్ ఇట్ “లక్”. ఇది బ్రిటిష్.
హి కాల్డ్ ఇట్ “లక్.” ఇది అమెరికన్.

కోలన్, సెమీకోలన్ రెండు పద్ధతుల్లోనూ బయటే, వాటితో గొడవ లేదు. అసలు తికమక ప్రశ్నార్థకంతోనే. అక్కడ ఏ దేశమని కాదు, ప్రశ్న ఎవరిదో చూడండి. షి ఆస్క్‌డ్, “వేర్ ఆర్ యు?” అన్నప్పుడు ప్రశ్న ఆమెది, గుర్తు లోపల. డిడ్ హి సే “నో”? అన్నప్పుడు అడుగుతున్నది మనం, గుర్తు బయట. ఆశ్చర్యార్థకానికీ ఇదే లెక్క. ఆ గుర్తు పెట్టాక దాని పక్కనే మళ్లీ ఫుల్‌స్టాప్ పెట్టేస్తుంటారు చాలామంది. దయచేసి వద్దు, చూడగానే తప్పని తెలిసిపోతుంది.

ఏపీఏ స్టైల్‌లో (పరిశోధన పేపర్లు రాసే ఒక పద్ధతి) పేపర్ రాసేటప్పుడు, వాక్యంలో కలిపి రాసిన కొటేషన్ తర్వాత బ్రాకెట్లో రచయిత పేరు, సంవత్సరం, పేజీ నంబరు ఇస్తే ఫుల్‌స్టాప్ ఆ బ్రాకెట్ దాటాకే వస్తుంది.

పాస్‌వర్డ్, ఫైల్ పేరు లాంటివి మాత్రం కొటేషన్‌లో పెట్టకుండా విడిగా ఒక లైన్‌లో రాయండి. లోపల చుక్క పెడితే అవతలివాళ్లు దాన్నీ కలిపి టైప్ చేస్తారు.