వరి ఎర్రబడితే యూరియా చల్లే ముందు ఆకు చూడండి

నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో వరి మడి అక్కడక్కడా ఎర్రబడగానే చాలామంది మరో అరబస్తా యూరియా చల్లేస్తారు. లోపం జింకుదైతే ఆ డబ్బు దండగే, పైరు పచ్చబడదు.

ముందు ఏ ఆకు దెబ్బతిందో చూడాలి. నత్రజని, పొటాష్ చాలనప్పుడు మొక్క వాటిని ముదురాకుల్లోంచి లాగి చిగురుకు పంపుతుంది. అందుకే కింది ఆకులు ముందు పోతాయి: నత్రజని తక్కువైతే ఆకంతా పాలిపోతుంది, పొటాష్ తక్కువైతే కొన, అంచులు మాడతాయి. ఇనుము, గంధకం అలా కదలవు, లేత ఆకే పసుపవుతుంది. మెట్ట నారుమడిలో చిగురు తెల్లబడితే ముందు ఇనుమునే అనుమానించాలి.

జింకు గుర్తులు వేరు. ముదురాకుల మీద, మధ్య ఈనెకు ఇరుపక్కలా తుప్పు రంగు మచ్చలు వస్తాయి. ఆకు పెళుసెక్కి, వంచితే టప్పున విరుగుతుంది. మొక్క గిడసబారి పిలకలు వేయదు, ఎందుకంటే పెరుగుదల హార్మోను తయారీకి జింకు కావాలి. చౌడు, సున్నపు నేలల్లో, నీరు ఎప్పుడూ నిలిచే మడుల్లో ఇది ఎక్కువ. నేలలో జింకు ఉన్నా వేరుకు అందదు.

పైరు మీద లోపం కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేట్ కలిపి ఆకులు తడిసేలా పిచికారీ చేయాలి. ఎకరాకు 200 లీటర్లు పడితే 400 గ్రాములు సరిపోతుంది. ఐదు రోజుల తేడాతో రెండు మూడుసార్లు కొట్టాలి. మోతాదు పెంచితే ఆకు మాడుతుంది. పురుగుమందు కలపొద్దు. వీలుంటే మడిలో నీరు తీసి కాస్త ఆరనివ్వండి.

లోపం ఏటా వచ్చే పొలంలో నాటే ముందు ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్ వేస్తే దాదాపు మూడు పంటలకు సరిపోతుంది. ఈ లెక్క 21 శాతం జింకు ఉన్న రకానికి. బస్తా మీద 33 శాతం అని ఉంటే 13 కిలోలు చాలు. పిచికారీలోనూ అదే దామాషాలో తగ్గించాలి.

ఎక్కువగా తప్పు జరిగేది భాస్వరం ఉన్న డీఏపీ ఎరువు దగ్గర. డీఏపీ, జింకు సల్ఫేట్ రెండూ కలిపి చల్లితే భాస్వరం జింకును కరగని రూపంలో కట్టేస్తుంది, ఇచ్చిన జింకు మట్టిపాలే. కనీసం మూడు రోజుల ఎడం ఉంచండి.