టీవీని మానిటర్‌గా పెడితే అంచులు తెగుతున్నాయా? ముందు రిమోట్ పట్టుకోండి

కావలిలో మా బావకి రొయ్యల చెరువులున్నాయి. మేత లెక్క, కౌంటు, రేటు అన్నీ ఎక్సెల్‌లోనే రాసుకుంటాడు. ల్యాప్‌టాప్‌లో అంకెలు చిన్నగా ఉన్నాయని హెచ్‌డీఎంఐ కేబుల్ కొని ఇంట్లో ఉన్న 43 అంగుళాల ఎల్‌జీ టీవీకి కలిపాడు. ఆ సాయంత్రమే ఫోన్. "ఏంది బామ్మర్దీ, కింద టాస్క్‌బార్ లేదు, ఫైలు మూసేదానికి ఇంటూ గుర్తూ లేదు. వైరస్సేమో వచ్చి చూడు."

వెళ్లి చూస్తే ల్యాప్‌టాప్ తెర మీద అన్నీ ఉన్నాయి. టీవీలోనే నాలుగు పక్కలా కాస్త కాస్త కోసేసినట్టుంది.

అంచులు తెగిపోతే

దీన్ని ఓవర్‌స్కాన్ అంటారు. పాత పిక్చర్ ట్యూబ్ టీవీల్లో బొమ్మ అంచులు సరిగ్గా కుదిరేవి కావు. అందుకని బొమ్మను కాస్త పెద్దది చేసి, అంచుల్ని ఫ్రేము వెనక దాచేవాళ్లు. ట్యూబులు పోయినా ఆ అలవాటు చాలా ఎల్‌ఈడీ టీవీల్లో మిగిలే ఉంది. సినిమాలో అంచు కాస్త పోతే ఎవరికీ తెలియదు. కంప్యూటర్‌లో మాత్రం స్టార్ట్ బటన్, మెనూలు, గడియారం అన్నీ అంచుల్లోనే ఉంటాయి కదా.

మందు టీవీ రిమోట్‌లోనే ఉంది. పిక్చర్ సెట్టింగ్స్‌లో పిక్చర్ సైజ్ లేదా ఆస్పెక్ట్ రేషియో తెరవండి. ఎల్‌జీలో 'జస్ట్ స్కాన్', శాంసంగ్‌లో 'స్క్రీన్ ఫిట్' లేదా 'ఫిట్ టు స్క్రీన్', సోనీలో డిస్‌ప్లే ఏరియా కింద 'ఫుల్ పిక్సెల్' అని ఉంటుంది. కొన్నింట్లో 'డాట్ బై డాట్' అంటారు. 16:9 పెట్టాను కదా అని ఊరుకోకండి, దాంట్లో కూడా అంచులు తెగొచ్చు. ఆ ఆప్షన్ కనపడకపోతే ఇన్‌పుట్ జాబితాలో ఆ హెచ్‌డీఎంఐ పేరును 'పీసీ' అని మార్చి చూడండి.

ఏదీ కుదరకపోతేనే కంప్యూటర్ వైపు రండి. ఇంటెల్, ఏఎండీ, ఎన్‌విడియా మూడు కంపెనీల గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్‌లోనూ బొమ్మను కుదించే వీలుంది. నాకైతే ఇది నచ్చదు. కంప్యూటర్ కుదించిన దాన్ని టీవీ మళ్లీ సాగదీస్తుంది, అక్షరాలు మసకబారతాయి. టీవీ చుట్టూ నల్ల పట్టీ వస్తోందంటే ఎవరో ఇలా కుదించి మర్చిపోయి ఉంటారు. ఏఎండీలో అయితే హెచ్‌డీఎంఐ స్కేలింగ్‌ను సున్నాకి తెస్తే పోతుంది.

అక్షరాలు మసగ్గా ఉంటే

అంచులు కుదిరాక బావ రెండో ఫిర్యాదు ఇది. ఆయన ల్యాప్‌టాప్ తెర రిజల్యూషన్, అంటే అడ్డంగా, నిలువుగా ఉండే చుక్కల లెక్క, 1366×768. టీవీది 1920×1080. రెండు తెరల మీదా ఒకే బొమ్మ చూపే 'డూప్లికేట్'లో పెట్టడంతో రెండింటికీ చిన్న కొలతే వెళ్తోంది. విండోస్ కీతో పాటు పి నొక్కి 'సెకండ్ స్క్రీన్ ఓన్లీ' గానీ 'ఎక్స్‌టెండ్' గానీ ఎంచుకోవాలి. తర్వాత డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో టీవీ పెట్టెను నొక్కి, 'రికమెండెడ్' అని రాసి ఉన్న రిజల్యూషన్ ఇవ్వాలి. అప్పుడు అక్షరాలు చిన్నవైతే రిజల్యూషన్ తగ్గించకండి, అక్కడే ఉండే, అక్షరాల్ని పెద్దవి చేసే 'స్కేల్'ను 125 లేదా 150 శాతం చేయండి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే.

32 అంగుళాల టీవీ అయితే పెట్టె మీద 'ఫుల్ హెచ్‌డీ' అనుందో 'హెచ్‌డీ రెడీ' అనుందో చూడండి. హెచ్‌డీ రెడీ ప్యానెల్ సాధారణంగా 1366×768 ఉంటుంది. 1920×1080 ఇచ్చినా తీసుకుంటుంది గానీ లోపల కుదించి చూపిస్తుంది. జాబితాలో 1366×768 లేదా 1360×768 ఉంటే అదే ఇవ్వండి. లేకపోతే ఆ మసకతో సర్దుకోవాల్సిందే.

కొలత సరిగ్గానే ఉన్నా అక్షరాల చుట్టూ తెల్లగీత కనపడితే అది టీవీ పిక్చర్ సెట్టింగ్స్‌లోని షార్ప్‌నెస్ పని. ఆ గీత పోయేదాకా ఒక్కో మెట్టు తగ్గించండి.

4కె టీవీలో మౌస్ ఈడ్చినట్టు కదిలితే

హెచ్‌డీఎంఐలో పాత రకమైన 1.4 పోర్టు 4కె (3840×2160) బొమ్మను సెకనుకు 30 సార్లే పంపగలదు. 60 కావాలంటే రెండు వైపులా 2.0 పోర్టు, దానికి తగ్గ కేబులూ ఉండాలి. టీవీలో కూడా ఆ పోర్టుకి 'డీప్ కలర్', 'ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్' లాంటిది ఆన్ చేయాలి. ల్యాప్‌టాప్ పాతదైతే 1080కి దిగి 60 పెట్టుకోవడమే సుఖం.

తెర నల్లబడి 'మోడ్ నాట్ సపోర్టెడ్' అంటే

టెన్షన్ పడి ఏదీ నొక్కకండి. మార్పు ఖాయం చేయకపోతే విండోస్ 15 సెకన్లలో పాత కొలతకి తనే వచ్చేస్తుంది. రాకపోతే టీవీ కేబుల్ పీకి ల్యాప్‌టాప్ తెర మీదే సరిచేసుకోండి. డెస్క్‌టాప్ అయితే వేరే మానిటర్ తగిలించాలి, లేదా విండోస్ కనీస సెట్టింగ్స్‌తో తెరుచుకునే సేఫ్ మోడ్‌లోకి వెళ్లాలి.

వారం తర్వాత బావ మళ్లీ ఫోన్ చేశాడు, మళ్లీ అంచులు తెగాయని. ఆ టీవీలో జస్ట్ స్కాన్ ఏ పోర్టుకి పెడితే ఆ పోర్టుకే ఉంటుంది. మా అక్క సీరియల్ కోసం సెట్‌టాప్ బాక్సును మొదటి పోర్టులో పెట్టి, ల్యాప్‌టాప్ కేబుల్‌ను రెండోదాంట్లో గుచ్చింది. ఈసారి ఫోన్‌లోనే చెప్పాను, రిమోట్ తీసుకో బావా అని.