ఎలిఫెంట్ బీచ్‌లో స్నార్కెలింగ్ ఎలా చేయాలి? ముందు ఊపిరి, తర్వాతే ఈత

అండమాన్ వెళ్లిన మనవాళ్లలో చాలామంది సెల్యులర్ జైలు చూస్తారు, రాధానగర్ తీరంలో ఫొటోలు దిగుతారు. పగడపు దిబ్బల దగ్గరికి వచ్చేసరికి మాత్రం, ఈత రాదన్న భయంతో ఒడ్డునే కూర్చుంటారు. స్నార్కెలింగ్ అంటే కళ్లు, ముక్కు కప్పే అద్దాల మాస్కు పెట్టుకుని, నోట్లోని గొట్టంతో గాలి పీలుస్తూ, ముఖం నీళ్లలో ఉంచి తేలడం. ఒంటిమీద లైఫ్ జాకెట్, పట్టుకోవడానికి నీటిపై తేలే రింగు, పక్కన గైడు ఉంటే ఈత రానివాళ్లూ నీటిపై తేలుతూ దిబ్బలు చూడవచ్చు. నోటితో నింపాదిగా ఊపిరి తీయడం వస్తే సగం పని అయిపోయినట్టే.

1. చోటు, సమయం

స్వరాజ్ ద్వీప్‌కు 2018 వరకు హేవ్‌లాక్ అని పేరు. అక్కడి జెట్టీ నుంచి ఎలిఫెంట్ బీచ్‌కు పడవలు వెళ్తాయి. ప్రయాణం కొద్దిసేపే. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది. అండమాన్‌లో త్వరగా తెల్లవారుతుంది కాబట్టి మొదటి పడవల్లోనే బయల్దేరండి. అప్పుడు జనం తక్కువ, నీరూ తేటగా ఉంటుంది. ఆటుపోట్ల వేళలు ముందే అడిగి తెలుసుకోండి. ఆటు సమయంలో నీరు తగ్గి మోకాళ్లు పగడాలకు గీరుకుంటాయి.

ఇంకా ప్రశాంతమైన చోటు కావాలంటే దక్షిణ అండమాన్ దీవిలోని వండూర్ నుంచి పడవలో జాలీబోయ్ వెళ్లండి. 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కులో అదొక దీవి. ముందుగా అనుమతి తీసుకోవాలి. అక్కడికి ప్లాస్టిక్ తీసుకువెళ్లనివ్వరు.

2. పడవ ఎక్కే ముందు

రెండు ఇడ్లీలు తింటే చాలు, కడుపు నిండా తినకండి. పడవలో కడుపు తిప్పే అలవాటున్నవాళ్లు డాక్టరు చెప్పిన మాత్ర ముందే వేసుకుని, పడవ వెనుక భాగంలో కూర్చుని దూరంగా దిగంతం వైపు చూడాలి. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడగకుండా నీళ్లలో దిగవద్దు.

నీళ్లలో బోర్లా తేలుతాం కాబట్టి ఎండ అంతా వీపుమీద, మోకాళ్ల వెనుక పడుతుంది. పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకోండి. అలా వేసుకుంటే సన్‌స్క్రీన్ కొంచెమే సరిపోతుంది. పగడాలకు హాని చేస్తుందని ఆక్సిబెంజోన్ అనే రసాయనం ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని హవాయి 2021 నుంచి నిషేధించింది. కొనేముందు ఆ పేరు ఉందేమో చూడండి.

3. మాస్కు

ఇక్కడ తొందరపడవద్దు. పట్టీ వేసుకోకుండా మాస్కును ముఖానికి ఆనించి, ముక్కుతో గాలి పీల్చి చేయి వదలండి. అది జారకుండా ముఖానికే అంటుకుని ఉంటే మీ కొలత అదే. జారిపోతే మొహమాటం లేకుండా ఇంకొకటి అడగండి. లోపలికి వెంట్రుకలు పోకూడదు. దట్టమైన మీసం ఉంటే పై పెదవి దగ్గర నీరు ఊరుతుంది, కాస్త వ్యాజిలైన్ రాస్తే తగ్గుతుంది. పట్టీ చెవులకు పైన ఉండాలి. బిగించి కట్టినంత మాత్రాన నీరు ఆగదు, తలనొప్పి వస్తుంది. అద్దం మసకబారకుండా లోపల బేబీ షాంపూ చుక్క రుద్ది కడగండి.

4. నడుము లోతులో సాధన

ఇసుక నేల ఉన్నచోట నిలబడి, గొట్టం నోట పెట్టుకుని, ముఖం మాత్రం నీళ్లలో ముంచండి. మొదట్లో గుండె వేగంగా కొట్టుకుంటుంది, అది అందరికీ ఉండేదే. ఊపిరి లోతుగా తీసి, అంతకంటే నెమ్మదిగా వదలండి. పై పై ఊపిరి తీస్తే గొట్టంలోని పాత గాలే మళ్లీ లోపలికి వస్తుంది. గొట్టంలోకి నీరు వస్తే బలంగా ఒక్కసారి ఊదండి. ఇవి కుదిరాకే గైడు వెంట కదలండి. చేతితో చేసే సైగలు ముందే అడిగి తెలుసుకోండి.

5. దిబ్బ మీద

పగడం రాయిలా కనిపించే జీవుల కాపురం. వాటి కణజాలంలో ఉండే సూక్ష్మ శైవలాలు (నాచు లాంటి జీవులు) వాటికి ఆహారం, రంగు ఇస్తాయి. నీరు మరీ వేడెక్కితే ఆ శైవలాలు పోయి పగడాలు తెల్లబడతాయి. 2010లో అండమాన్‌లో అదే జరిగింది. ఇలా దెబ్బ తిన్న దిబ్బ మీద మనం కాలు పెట్టడం అన్యాయం. అలసిపోతే నిలబడకండి, వెల్లకిలా తిరిగి తేలండి.

కదలిక తగ్గించినకొద్దీ ఎక్కువ కనిపిస్తుంది. రెండు చిప్పల మధ్య నీలి, ఆకుపచ్చ పెదవులతో ఉండే పెద్ద ఆల్చిప్ప మీద మీ నీడ పడగానే మూసుకోవడం మొదలుపెడుతుంది. చిలుక చేపలు పగడాన్ని కొరికే పటపట శబ్దం చెవికి స్పష్టంగా వినిపిస్తుంది. నీళ్లలో వస్తువులు అసలు కంటే దగ్గరగా, పెద్దగా కనిపిస్తాయి, అందుకే చేయి చాచకండి. ముళ్ల బంతుల్లా కనిపించే నల్లని సముద్రపు అర్చిన్ల ముళ్లు కూడా గుచ్చుకుంటాయి. ప్రవాహం ఎటు లాగుతోందో చూసుకుని, మొదట దానికి ఎదురుగా వెళ్లండి. తిరుగు దారిలో అదే మిమ్మల్ని తీసుకొస్తుంది.

6. తిరిగి వచ్చేటప్పుడు

చలి వేస్తే వెంటనే పడవ ఎక్కి తుడుచుకోండి. మాస్కును మంచినీటితో కడిగి నీడలో ఆరబెట్టండి. ఒడ్డున పడి ఉన్నా సరే, పగడపు ముక్క ఒక్కటి కూడా జేబులో వేసుకోవద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద పగడాలకు రక్షణ ఉంది, విమానాశ్రయంలో బ్యాగులు తనిఖీ చేస్తారు.