ఎండాకాలంలో కాసేపు ఒంటరిగా, నిమ్మళంగా గడపడం ఎలా?

ఎండాకాలం అనగానే చెమట, కరెంటు బిల్లు, పిల్లల సెలవులు, వరసగా పెళ్లి పిలుపులు, ఇవే మాట్లాడుకుంటాం. కానీ ఏడాది మొత్తంలో మన ఊళ్లలో రోజు తనంతట తాను ఆగేది ఈ కాలంలోనే. పన్నెండు దాటితే వీధిలో మనిషి కనపడడు, కిరాణా కొట్టాయన కూడా షట్టరు సగం దించి కునుకు తీస్తాడు, సాయంత్రం అయిదున్నర దాకా ఎవరూ ఎవరి తలుపూ తట్టరు. ఇలా ఎండే మన చేతిలో పెట్టే ఖాళీలు రోజుకి మూడు ఉంటాయి, తెల్లవారుజామున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి భోజనాలయ్యాక ఒకటి. ప్రశాంతత కోసం కొత్తగా క్లాసులో చేరక్కర్లేదు, ఆ ఖాళీల్లో ఒక్కదాన్ని ఫోనుతో నింపకుండా అలాగే వదిలేస్తే చాలు. అదెలాగో వరసగా చెప్తాను.

1. ముందు మీ ఖాళీ ఏదో తేల్చుకోండి

మూడూ ఒకేసారి మొదలుపెట్టకండి, నాలుగో రోజుకి విసుగొస్తుంది. ఉద్యోగానికి వెళ్లేవాళ్లకి తెల్లవారుజాము, ఇంటిపట్టున ఉండేవాళ్లకి మధ్యాహ్నం, చిన్నపిల్లలున్నవాళ్లకి వాళ్లు పడుకున్నాక రాత్రి, ఇలా ఎవరి వీలు వాళ్లది. అరగంట సరిపోతుంది. ఏది ఎంచుకున్నా ఇంట్లో వాళ్లకి ముందే చెప్పండి, చెప్పకుండా మాయమైతే ఏమైందోనని వాళ్లకి టెన్షన్, వాళ్లు వెతుక్కుంటూ వస్తారేమోనని మీకు టెన్షన్.

2. తెల్లవారుజాము: వినడంతో మొదలుపెట్టండి

మే నెల మధ్యలో విశాఖపట్నంలో దాదాపు 5:25కి, హైదరాబాద్‌లో 5:45 ప్రాంతంలో సూర్యోదయం. దానికి పావుగంట ముందు లేచి, ఫోను ముట్టుకోకుండా, గుమ్మం దగ్గరో బాల్కనీలోనో కూర్చోండి. కళ్లు మూసుకోవాలనీ, శ్వాస లెక్కపెట్టాలనీ నియమం ఏమీ లేదు. కోయిల అరుస్తుంటుంది కదా, దాన్నే పట్టుకోండి. ఆ పిలుపు ఒక్కోసారికి కొంచెం కొంచెం పైకి వెళ్తూ, ఇంక పైకి పోలేనంత దాకా వెళ్లి ఠక్కున ఆగిపోతుంది. కాసేపటికి మళ్లీ కింది నుంచి మొదలు. ఇలా "కుహూ" అని పిలిచేది మగ కోయిల, ఒళ్లంతా నలుపు. ఒంటి మీద చుక్కలున్న గోధుమరంగు ఆడకోయిల వేరేలా, కిక్ కిక్ మని గబగబా అరుస్తుంది. అది కాకి గూట్లో గుడ్డు పెట్టే కాలం కూడా ఇదే, అందుకే పొద్దున్నే కాకులు కోయిలని తరమడం కనిపిస్తుంది. ఎప్పుడు ఆగుతుందా, మళ్లీ ఎప్పుడు ఎత్తుకుంటుందా అని వింటూ ఉంటే మనసు కాసేపు ఎటూ పోదు.

తర్వాత మొక్కలకి నీళ్లు. ట్యూబు పెట్టి కొట్టేయకుండా చెంబుతో ఒక్కో కుండీకి పోయండి, మట్టి పీల్చుకునేదాకా చూసి రెండో చెంబు పోయండి. పిట్టలకి ఒక మట్టి మూకుడులో నీళ్లు నీడపట్టున పెట్టండి, ఆ నీళ్లు రోజూ పారబోసి మూకుడు తోమి మళ్లీ నింపాలి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. పిట్టలు అలవాటు పడటానికి కొన్ని రోజులు పడుతుంది, అప్పటిదాకా మూకుడు చోటు మార్చకండి.

3. కుండ పెట్టుకోండి

ఫ్రిజ్ ఉన్నా సరే. కొత్త కుండని ఒక రోజంతా నీళ్లలో నాననిచ్చి, సబ్బు తగలకుండా కొబ్బరి పీచుతో కడిగి, గాలి తగిలే కిటికీ దగ్గర ఇసుక పోసి దాని మీద పెట్టండి. కుండకి కంటికి కనపడని సన్న రంధ్రాలుంటాయి, వాటిలోంచి ఊరిన తేమ బయట ఆవిరవుతూ లోపలి నీళ్ల వేడిని పట్టుకుపోతుంది, నీళ్లు చల్లబడేది అందుకే. తెలంగాణలో, రాయలసీమలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అక్కడ కుండ బాగా పనిచేస్తుంది, సముద్రం పక్క ఊళ్లలో గాలిలోనే తడి ఉంటుంది కాబట్టి అంత చల్లదనం రాదు. వట్టివేళ్లు దొరికితే కడిగి పల్చటి గుడ్డలో మూటకట్టి లోపల వెయ్యండి.

దీనికీ ప్రశాంతతకీ ఏమిటి సంబంధం అంటారా? ఫ్రిజ్ సీసా నిలబడే ఎత్తి గటగటా తాగేస్తాం. కుండ నీళ్లకి వంగాలి, మూత తియ్యాలి, ముంచుకోవాలి. అలా ముంచుకున్న గ్లాసుతో కూర్చుని, మట్టివాసన తెలిసేలా నింపాదిగా తాగండి. ఎండాకాలంలో ఎలాగూ నీళ్లు చాలాసార్లు తాగాలి, అందులో ఒక్క గ్లాసైనా ఇలా తాగండి.

4. మధ్యాహ్నం: గది చీకటి చెయ్యండి, నేల మీద పడుకోండి

పొద్దున తొమ్మిదింటికే ఎండ పడే వైపు కిటికీలు మూసి కర్టెన్లు దించేస్తే రెండింటికి గది ఆ మాత్రం చల్లగా ఉంటుంది. మంచం వద్దు, గచ్చు మీదో బండల మీదో చాప వేసుకునో, వేసుకోకుండానో పడుకోండి. ఫోను వేరే గదిలో ఛార్జింగుకి పెట్టండి, సైలెంటులో పెట్టి పక్కన పెట్టుకోవడం పనికిరాదు, చెయ్యి దానివైపే పోతుంది.

మొదటి పది నిమిషాలు ఏమీ బావుండదు, ఇది ముందే తెలిస్తే నయం. గ్యాస్ బుక్ చెయ్యాలి, ఫీజు కట్టాలి, మొన్న ఫలానా వాళ్లు ఆ మాట ఎందుకన్నారు, ఇవన్నీ వరసగా వస్తాయి. పక్కన ఒక కాగితం, పెన్సిలు ఉంచుకుని పని గుర్తొస్తే రెండు ముక్కలు రాసి మళ్లీ పడుకోండి. మొన్నటి మాటలు మాత్రం రాయకండి, రాస్తే అవి పెరుగుతాయి. వాటి పాటికి వాటిని రానిచ్చి, చెవిని ఫ్యాను చప్పుడు మీదో, సన్‌షేడ్ మీద గూగూ అంటున్న పావురాల మీదో, ఎక్కడో దూరంగా ముంజలు అమ్ముకునే వాళ్ల కేక మీదో పెట్టండి. నిద్రపడితే పట్టనివ్వండి, అరగంట దాటకుండా చూసుకుంటే లేచాక తల బరువుగా ఉండదు.

కరెంటు పోయిందా, ఇంకా మంచిదే. తాటాకు విసనకర్ర ఒకటి ఇంట్లో ఉండాలి. దానితో విసురుకునేటప్పుడు చెయ్యి తనకి వీలైన ఒక లయలో పడిపోతుంది, గాలి ఒకసారి మెడకి, ఒకసారి చెవి వెనక తగులుతుంది, చెమట ఆరుతున్న చోట చర్మం చల్లబడటం స్పష్టంగా తెలుస్తుంది. ఇన్వర్టర్లు వచ్చాక పోగొట్టుకున్న మంచి వాటిలో ఇది ఒకటని నేను గట్టిగా నమ్ముతాను.

5. ఇంట్లో ఆడవాళ్లకి ఆ గంట ఎవరిస్తారు?

ఈ మాట చెప్పకుండా మిగతావన్నీ చెప్పడం అన్యాయం. మధ్యాహ్నం ఒంటరిగా పడుకోమని చెప్పడం తేలిక, కానీ మే నెలలో ఇంట్లో వంటింటి పని ఎవరి చేతిలో ఉందో వాళ్లకి ఒంటరితనం సంగతి అటుంచి కూర్చునే తీరికే ఉండదు. సెలవులకొచ్చిన పిల్లలు, ఆడపడుచులు, పెళ్లికని వచ్చి ఆగిపోయిన చుట్టాలు, మేడ మీద ఆరుతున్న వడియాలు, ఆవకాయ పని, మధ్యలో "కాస్త మజ్జిగ ఇస్తావా" అని ఒక కేక. అందరూ భోంచేసి నడుం వాల్చాక ఆవిడ గిన్నెలు సర్దుతూ ఉంటుంది. కాబట్టి ఈ మెట్టు ఇంట్లో మిగతావాళ్ల కోసం.

పొద్దున ఎనిమిదింటికల్లా వంట అయిపోయేలా చూడండి, మామిడికాయ పప్పు, పెరుగు, ఒక వేపుడు చాలు, మధ్యాహ్నం పొయ్యి వెలిగించే పని పెట్టకండి. భోజనాలయ్యాక గిన్నెలు తోమడం, బల్ల తుడవడం మగవాళ్లూ పెద్దపిల్లలూ చూసుకోవాలి. రెండు నుంచి మూడున్నర దాకా ఆవిడ గది తలుపు మూసి ఉంటుంది, ఎవరూ తట్టరు, మజ్జిగ కావలసినవాళ్లు చిలుక్కుంటారు. "ఆవిడకి ఊరికే కూర్చోవడం చేతకాదులెండి" అని కొంతమంది మురిపెంగా అంటుంటారు, ఆ మాట నాకు చాలా బాధగా ఉంటుంది, కూర్చోనిస్తేగా చేతనయ్యేది.

ఆవకాయ పనిలో కూడా ఒకరు ఒంటరిగా చేసుకోదగ్గ భాగం ఒకటి ఉంది, దాన్ని కబుర్లకి దూరంగా పెట్టుకుంటే ధ్యానంలాగే ఉంటుంది. కాయలు కొట్టించుకొచ్చాక ఒక్కో ముక్క తీసి, జీడి వదిలించి, టెంక లోపల అంటుకున్న కాగితంలాంటి పల్చటి పొరని గోటితో లేపి తీసేసి, పొడిగుడ్డతో నాలుగు వైపులా తుడవాలి. తడి ఉంటే బూజు పడుతుంది కాబట్టి కన్ను ముక్క మీదే ఉండాలి. గోరు కింద పులుపు మంట, గుడ్డ నిండా పచ్చిమామిడి వాసన, పక్కన తుడిచిన ముక్కల కుప్ప మెల్లగా పెరగడం. ఈ పనిని మీరే అడిగి తీసుకోండి, మగవాళ్లయినా సరే.

6. ఒక్క పండు పూర్తిగా తినండి

టీవీ ముందు ప్లేటులో ముక్కలు కోసుకుని తినే పండు గురించి కాదు నేను చెప్పేది. చిన్న రసాలో పెద్ద రసాలో తెచ్చుకోండి, బంగినపల్లి దీనికి పనికిరాదు, అది కోసుకు తినే కాయ. గంటసేపు నీళ్లలో వేసి ఉంచిన పండుని చేతిలోకి తీసుకుని రెండు బొటనవేళ్లతో మెల్లగా నొక్కుతూ, తిప్పుతూ, గట్టిగా ఉన్న చోటు వెతుక్కుంటూ మొత్తం మెత్తబడే దాకా పిసకండి. తొందరపడి ఒకేచోట నొక్కితే తొక్క పగిలి మోచేతి దాకా కారుతుంది. తర్వాత ముచ్చిక తీసి, ముందొచ్చే రెండు చుక్కల సొన పిండి పారేసి, అప్పుడు నోట్లో పెట్టుకోండి. మొదట వచ్చే రసం పల్చగా ఉంటుంది, టెంక దగ్గరికొచ్చే కొద్దీ చిక్కబడి తీపి పెరుగుతుంది, చివర టెంక చీకేటప్పుడు పీచుల మధ్య కొంచెం పులుపు తగులుతుంది. ఒక్కరే, పెరట్లోనో సింకు దగ్గరో, మాట్లాడకుండా తినండి. షుగరున్నవాళ్లు ముంజలతో సరిపెట్టుకోవచ్చు, లేతవి చూసి, బొటనవేలితో పైపొర ఒలుచుకుంటూ.

7. ఒక మధ్యాహ్నం నీడ మాయమవడం చూడండి

ఏడాదిలో రెండు రోజులు మన ఊళ్లలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిటారుగా ఉన్న వస్తువుకి నీడ పక్కకి పడదు. తిరుపతి వైపు ఏప్రిల్ ఆఖరి వారంలో, విజయవాడలో మే మొదటి వారంలో, హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో, 12:12 వేళకి వస్తుంది. మేడ మీద సమంగా ఉన్న చోట ఒక స్టీలు గ్లాసు బోర్లించి, మీరు మెట్లగది నీడలో నిలబడి అయిదు నిమిషాలు చూడండి. నీడ గ్లాసు కిందికి జారిపోతుంది. పిల్లలుంటే వాళ్లనీ పిలవండి, ఈ ఒక్కదానికి ఒంటరితనం అక్కర్లేదు.

8. రాత్రి: మేడ మీద రోజుకొక చుక్క

పొద్దుగూకాక మేడ మీద రెండు బకెట్ల నీళ్లు చల్లితే మొదట వేడి ఆవిరి కొడుతుంది, ఓ గంట ఆగితే చాప వేసుకునేలా అవుతుంది. గుప్పెడు మల్లెమొగ్గలు తడిగుడ్డలో పక్కన పెట్టుకుంటే చీకటి పడ్డాక అవి విచ్చుకుంటూ వాసన హెచ్చుతుంది.

మేలో తొమ్మిదింటికి ఉత్తరం వైపు సప్తర్షులు, అంటే నాలుగు చుక్కల పెట్టెకి మూడు చుక్కల తోక ఉన్నట్టుండే ఏడు చుక్కలు, బాగా పైకి వచ్చి ఉంటారు. తోకలో మధ్య చుక్క వసిష్ఠుడు, దాన్ని ఆనుకుని మినుకుమనేది అరుంధతి, మన పెళ్లిళ్లలో చూపించేది దాన్నే. పట్టపగలు ముహూర్తంలో పురోహితుడు వేలు చూపిస్తే తలూపేసినవాళ్లు ఇప్పుడు నిజంగా చూడొచ్చు. ఆ తోక వంపునే ముందుకి పొడిగిస్తే నారింజ రంగులో మెరిసేది స్వాతి, ఇంకా ముందుకెళ్తే తెల్లగా చిత్త. చైత్ర మాసానికి ఆ పేరు వచ్చింది పున్నమి చంద్రుడు ఈ చిత్త దగ్గర ఉంటాడనే. ఆగ్నేయంలో ఎర్రగా పైకి వస్తున్నది జ్యేష్ఠ. స్వాతి, చిత్త, జ్యేష్ఠ సిటీ వెలుతురులో కూడా కనిపిస్తాయి. స్వాతి నుంచి వెలుగు మన దాకా రావడానికి దాదాపు 37 ఏళ్లు పడుతుంది, అంటే ముప్ఫై ఏడేళ్ల మనిషి తన వయసంత వెలుగుని చూస్తున్నట్టు. ఒక రాత్రికి ఒక చుక్క చాలు, యాప్ తెరవకండి, తెరిస్తే ఫోను వెలుతురుకి కళ్లు మళ్లీ చీకటికి అలవాటు పడాలి. అపార్ట్‌మెంటులో మేడకి తాళం వేస్తారు, అసోసియేషన్ వాళ్లని రాత్రి పది దాకా తీసి ఉంచమని అడగండి, అడిగేవాళ్లు లేకే చాలా చోట్ల ఆ తాళం ఉంటుంది.

జాగ్రత్తలు

ప్రశాంతత పేరుతో ఎండలో కూర్చోకండి. తల తిరగడం, వాంతి వచ్చినట్టుండటం, చెమట ఆగిపోవడం వడదెబ్బ లక్షణాలు, వెంటనే నీడకి చేర్చి ఒళ్లు తడిపి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఒంటరిగా కూర్చున్నప్పుడల్లా దిగులు ముసురుకుంటోందా, నిద్ర పట్టక రోజులు గడుస్తున్నాయా, అలాంటప్పుడు ఒంటరితనం పెంచకండి, దగ్గరివాళ్లకి చెప్పండి, ప్రభుత్వం నడిపే టెలీ మానస్‌కి 14416 నంబరులో ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె వస్తుంది, రోళ్లు పగిలే ఎండలంటారు కదా, ఆ రెండు వారాలు మధ్యాహ్నం ఎంత చీకటి గదిలోనైనా ఉక్కకి మనసు నిలవదు. అప్పుడు దానితో కుస్తీ పట్టకుండా మధ్యాహ్నం ఖాళీని నిద్రకి వదిలేసి, తెల్లవారుజామో రాత్రో ఒక్కటే ఉంచుకోండి. మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడ్డాక మిగతావి మళ్లీ మొదలుపెట్టొచ్చు.