టార్క్ రెంచ్ టక్కుమన్నా వీల్ నట్లు వదులవుతున్నాయా? సమస్య - పరిష్కారం

టైరు మార్చిన రెండు మూడు రోజులకే చక్రం దగ్గర చప్పుడు వస్తే చాలామంది నట్లను ఇంకాస్త గట్టిగా బిగించేస్తారు. దానివల్ల అసలు లోపం అలాగే ఉండిపోతుంది, పైగా స్టడ్లు (చక్రం రంధ్రాల్లోంచి బయటికి వచ్చి నట్లు ఎక్కే మర కడ్డీలు) పాడవుతాయి.

నట్టు బిగిస్తున్నప్పుడు స్టడ్ స్ప్రింగులా రవ్వంత సాగుతుంది. అలా సాగిన స్టడ్ వెనక్కి లాగే బలమే చక్రాన్ని హబ్‌కు, అంటే స్టడ్లు ఉండే, చక్రం ఆనుకునే గుండ్రటి భాగానికి, అదిమి ఉంచుతుంది. టార్క్ రెంచ్ అంటే మనం సెట్ చేసిన అంకెకు చేరగానే టక్కుమనే రెంచ్. స్టడ్ ఎంత సాగిందో దానికి తెలియదు. నట్టు తిప్పడానికి ఎంత బలం పట్టిందో మాత్రమే చెబుతుంది. ఆ బలంలో సుమారు పదో వంతే స్టడ్‌ను సాగదీస్తుంది, మిగతాదంతా నట్టు కిందా మరల్లోనూ రాపిడికి పోతుంది. తుప్పు, మట్టి, నూనె వల్ల ఆ రాపిడి మారిందంటే రెంచ్ మీది అంకెను నమ్మలేం.

ఎంత బిగించాలో మీ కారు మాన్యువల్లో ఉంటుంది. హోండా సిటీకి 108 న్యూటన్ మీటర్లు, ఫోక్స్‌వ్యాగన్ పోలోకు 120. హ్యుందాయ్ కార్ల మాన్యువల్స్‌లో 11 నుంచి 13 కేజీ మీటర్లు అని కనిపిస్తుంది, అంటే దాదాపు 107 నుంచి 127 న్యూటన్ మీటర్లు. ఒక కేజీ మీటర్ అంటే 9.8 న్యూటన్ మీటర్లు. రెంచ్ మీద అడుగు పౌండ్ల గీతలు కూడా ఉంటాయి. ఆ వరుసలో 108 పెట్టి బిగిస్తే 146 న్యూటన్ మీటర్లు పడుతుంది. రెంచ్ సెట్ చేసేటప్పుడు ముందు ఏ వరుస చూస్తున్నారో గమనించండి.

సమస్య: బిగించిన కొద్ది రోజులకే నట్లు వదులవుతున్నాయి, నెమ్మదిగా వెళ్తుంటే టక్ టక్ మంటోంది

ముందు బండి పక్కకు ఆపి నట్లు చూడండి. స్టీల్ చక్రమైతే నట్టు చుట్టూ ఎర్రటి తుప్పు చారలు, అల్లాయ్ అయితే నల్లటి పొడి కనిపిస్తే చక్రం హబ్ మీద కదులుతోందని అర్థం. చక్రం విప్పి నట్టు రంధ్రాలు చూడండి. గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోడిగుడ్డులా సాగి ఉంటే ఆ చక్రాన్ని మళ్లీ వాడకూడదు.

రంధ్రాలు బాగుంటే కారణం ఎక్కువగా హబ్‌కూ చక్రానికీ మధ్య ఉంటుంది. తుప్పు పొర, ఎండిన బురద, చక్రం లోపలి ముఖానికి దట్టంగా కొట్టిన కొత్త పెయింట్, ఇవన్నీ బిగించిన రోజు గట్టిగానే ఉంటాయి. బండి నడిచేకొద్దీ నలిగి పలచబడతాయి. పొర మందంలో వెంట్రుకవాసి తగ్గినా, స్టడ్ సాగింది కూడా అంతే కాబట్టి పట్టు పోతుంది.

హబ్ ముఖాన్నీ చక్రం ఆనుకునే భాగాన్నీ వైర్ బ్రష్‌తో లోహం కనిపించేదాకా రుద్దండి. మధ్య రంధ్రం అంచును వదిలేయకండి, చక్రం వంకరగా కూర్చునేది అక్కడే. ఆ ముఖాలకు గ్రీజు రాయొద్దు. నట్లన్నీ మొదట చేత్తోనే నాలుగైదు చుట్లు ఎక్కాలి. చేత్తో ఎక్కనిది స్పానర్‌తో ఎక్కిందంటే మర తప్పి ఎక్కిందన్నమాట. తర్వాత జాకీ మీదే, చక్రాన్ని చేత్తో నొక్కి పట్టి, వీల్ స్పానర్‌తో ఎదురెదురు నట్లను ఒక మోస్తరుగా బిగించండి. టైరు నేలకు తగిలి తిరగకుండా ఆగేంతవరకే జాకీ దించండి. బండి బరువంతా పడ్డాక బిగిస్తే వంకరగా కూర్చున్న చక్రం అలాగే బిగుసుకుంటుంది. ఇప్పుడు రెంచ్‌తో నట్లన్నిటికీ మొదటి విడత 50 న్యూటన్ మీటర్లు, రెండో విడత పూర్తి అంకె. నాలుగు నట్లయితే ఎదురెదురుగా, అయిదైతే నక్షత్రం గీసినట్టు ఒకటి వదిలి ఒకటి.

80 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక, చక్రం చల్లబడ్డాక మళ్లీ చూడాలి. కొత్త టైర్లతో హైదరాబాద్ నుంచి విజయవాడకు బయల్దేరితే నార్కట్‌పల్లి దగ్గర టిఫిన్‌కు ఆగి, తిని వచ్చాక చూసుకోవచ్చు. అదే అంకెతో రెంచ్ పెట్టి లాగండి. టక్కుమనేలోపు నట్టు కదిలితే అది వదులైనట్టే. ఒకటి కొద్దిగా కదిలితే పర్వాలేదు. మూడు కదిలితే మాత్రం చక్రం విప్పి మళ్లీ శుభ్రం చేయాలి.

సమస్య: నట్టు తిరుగుతూనే ఉంది, రెంచ్ టక్కుమనడం లేదు

వెంటనే ఆపండి. బిగుతు పెరగకుండా నట్టు తిరుగుతోందంటే స్టడ్ మళ్లీ వెనక్కి రానంతగా సాగిపోతోంది, లేదా మరలు కోసుకుపోతున్నాయి. ఇంకో పావు చుట్టు తిప్పితే తెగవచ్చు. మరలకు గ్రీజు, ఇంజిన్ ఆయిల్ రాసినచోట ఇది తరచుగా జరుగుతుంది. రాపిడి తగ్గడంతో అదే అంకెకు స్టడ్ చాలా ఎక్కువ సాగుతుంది. మాన్యువల్లో ఇచ్చిన అంకె సాధారణంగా పొడి మరలకే.

స్టడ్, నట్టు రెండూ మార్చండి. ఒక స్టడ్ తెగితే దాని పక్కవి కూడా ఎక్కువ బరువు మోసి ఉంటాయి కాబట్టి వాటినీ మార్చడం మంచిది. పాత స్టడ్‌ను సుత్తితో బాది తీస్తామంటే ఒప్పుకోకండి, ఆ దెబ్బ బేరింగ్‌కు తగులుతుంది. ప్రెస్‌తో గానీ పుల్లర్‌తో గానీ తీయించండి.

సమస్య: పంక్చరైనప్పుడు రోడ్డు మీద నట్టు ఊడి రావడం లేదు

ఎయిర్ గన్‌తో విపరీతంగా బిగించి ఉంటారు, లేదా ఎవరో స్పానర్ మీద నిలబడి ఉంటారు. 30 సెంటీమీటర్ల స్పానర్ చివర 70 కేజీల మనిషి నిలబడితే 206 న్యూటన్ మీటర్లు, హోండా సిటీకి కావలసిన దానికి దాదాపు రెట్టింపు. విప్పేటప్పుడు చక్రం నేల మీదే ఉండాలి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఎదురు చక్రానికి రాయి అడ్డు పెట్టాలి. మరలకు డబ్ల్యూడీ-40 (బిగుసుకున్న మరలను వదులు చేసే స్ప్రే నూనె) కొట్టి పది నిమిషాలు ఆగి, ఆరు పలకల సాకెట్, పొడవు హ్యాండిల్‌తో లాగండి. టార్క్ రెంచ్‌తో విప్పకండి. తిరిగి బిగించే ముందు ఆ నూనెను గుడ్డతో పూర్తిగా తుడవాలి.

టైర్ షాపులో గన్ వాడినా, చివరి బిగింపు టార్క్ రెంచ్‌తో చేయమని అడగండి. గన్‌తో ముందే ఎక్కువ బిగించి, ఆపైన రెంచ్ పెట్టి టక్కుమనిపిస్తే అది పరీక్షే కాదు. నట్టు ముందు వదులు చేసి తర్వాత బిగించాలి.

సమస్య: బ్రేక్ తొక్కితే పెడల్ కొట్టుకుంటోంది

టైర్లు మార్చాకే మొదలైతే నట్ల బిగుతు ఒకదానికొకటి తేడాగా ఉండి, చక్రం వెనకున్న బ్రేక్ డిస్క్ వంకరగా కూర్చుని ఉండొచ్చు. డిస్క్ మార్చేముందు నట్లన్నీ వదులు చేసి, హబ్ శుభ్రం చేసి, వరుస ప్రకారం బిగించి చూడండి.

సమస్య: అల్లాయ్ చక్రాలు వేయించాక నట్లు నిలవడం లేదు

హోండా సొంత చక్రాల నట్టు కింది భాగం బంతిలా గుండ్రంగా ఉంటుంది. బయట కొన్న అల్లాయ్‌లకు ఎక్కువగా శంకువు ఆకారం కావాలి. ఒకదానిలో ఇంకోటి వేస్తే సన్నటి గీత మీదే ఆనుతుంది. నట్టు ఎక్కించి, తీసి చూడండి. ఆనిన గుర్తు వెడల్పాటి పట్టీలా ఉండాలి.

సమస్య: రెంచ్ మీదే అనుమానం

రెంచ్ చదరపు మొనను వైస్‌లో బిగించి రెంచ్‌ను అడ్డంగా ఉంచండి. మొన నుంచి పిడి మధ్యకు 40 సెంటీమీటర్లు ఉంటే, అక్కడ 25 కేజీల బియ్యం బస్తాను మెల్లగా వేలాడదీయండి. అది 98 న్యూటన్ మీటర్లు, రెంచ్ సొంత బరువుతో ఇంకో రెండు మూడు. 90కి సెట్ చేస్తే టక్కుమనాలి, 112కి చేస్తే అనకూడదు. పొడవు వేరైతే కేజీలను మీటర్లతో గుణించి, వచ్చినదాన్ని 9.8తో గుణించండి. వాడేటప్పుడు పిడి మధ్యలోనే పట్టుకుని, కుదుపు లేకుండా లాగి, ఒక్క టక్కుకే ఆపండి. పని అయ్యాక స్కేలును అందులో ఉన్న అతి తక్కువ అంకెకు తిప్పి పెట్టండి. 100 మీద వదిలేస్తే లోపలి స్ప్రింగు నెలల తరబడి నొక్కుకుని ఉండి, కాలక్రమంలో అంకె తప్పుతుంది.