దసరా ఆర్డర్లు, తుఫాను రోజులు: మీ సైటుకు షేర్డ్ హోస్టింగా, వీపీఎస్సా?

పొందూరు ఖద్దరు, పలాస జీడిపప్పు, బుడితి ఇత్తడి సామాన్లు, బొబ్బిలి వీణలు సొంత సైటు పెట్టుకుని అమ్మేవాళ్లకు పండగ బేరం దసరాతో మొదలవుతుంది. మన తీరానికి తుఫాన్లు వచ్చేదీ ఆ రోజుల్లోనే. 2014లో హుద్‌హుద్ అక్టోబర్ 12న, దసరాకీ దీపావళికీ మధ్య వచ్చింది. 2018లో తిత్లీ అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటేసరికి నవరాత్రులు మొదలై ఉన్నాయి. రెండుసార్లూ చాలా ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు కలవలేదు. అందుకే హోస్టింగ్ (సైటును ఉంచి నడిపే సర్వర్ సేవ) మార్చాలా వద్దా అన్నది ఆగస్టులోనే తేల్చుకోండి. మార్చేపని ఉంటే సెప్టెంబర్ సగానికల్లా ముగించండి. నవరాత్రుల్లో మాత్రం సైటును కదపకండి.

సర్వర్ ముంబైలోనో బెంగళూరులోనో ఉంటే ఇక్కడి గాలివాన దాన్నేమీ చేయదు. మనమే దాని దగ్గరికి వెళ్లలేని పరిస్థితి వస్తుంది. మనం అందుబాటులో లేని ఆ రెండు మూడు రోజులు సైటును చూసేదెవరు? షేర్డా (పలు సైట్లు పంచుకునే సర్వర్), వీపీఎస్సా (సర్వర్‌లో మీకంటూ విడదీసిన భాగం) అన్నది ఈ ప్రశ్న మీదే తేల్చుకోవాలని నా గట్టి అభిప్రాయం. ధర, వేగం ఆ తర్వాతే.

షేర్డ్ హోస్టింగ్‌లో ఒకే సర్వర్ మీద ఎన్నో సైట్లు నడుస్తాయి. అందుకే ప్రతి సైటుకూ ప్రాసెసర్, మెమరీ, ఒకేసారి నడిచే ప్రాసెస్‌ల మీద పరిమితి ఉంటుంది. అది దాటితే చాలాచోట్ల 508 ఎర్రర్ కనిపిస్తుంది. కానీ సర్వర్ అప్‌డేట్లు, ఫైర్‌వాల్ (చొరబాట్లను అడ్డుకునే రక్షణ), ఆగిపోయిన డేటాబేస్‌ను (సరుకులు, ఆర్డర్ల వివరాలు దాచేది) మళ్లీ లేపడం కంపెనీవాళ్ల పని. మన కరెంటు పోయినా వాళ్ల డ్యూటీ ఆగదు.

వీపీఎస్‌లో మెమరీ మీకంటూ విడిగా ఇస్తారు, రూట్ యాక్సెస్ (సర్వర్ మీద పూర్తి అధికారం) చేతికిస్తారు. మామూలు ప్లాన్లలో ఆ తర్వాత సర్వర్ లోపల ఏం జరిగినా చూసుకోవాల్సింది మీరే. చౌకగా దొరుకుతోందని 1 జీబీ ర్యామ్ వీపీఎస్ తీసుకుని, అందులో వర్డ్‌ప్రెస్ (సైటు నడిపే సాఫ్ట్‌వేర్), వూకామర్స్ (దానికి జోడించే అమ్మకాల ప్లగిన్), డేటాబేస్ అన్నీ పెట్టేవాళ్లున్నారు. రద్దీ పెరిగి మెమరీ అయిపోయిందంటే లినక్స్ (సర్వర్‌ను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్) తనను తాను కాపాడుకోవడానికి ఎక్కువ మెమరీ తింటున్న ప్రాసెస్‌ను ఆపేస్తుంది. చాలాసార్లు అది డేటాబేసే అవుతుంది. అది మళ్లీ దానంతట అదే లేచేలా ముందే సెట్ చేసి ఉండకపోతే, ఎవరో ఒకరు లాగిన్ అయి లేపేదాకా కొనేవాళ్లకు కనిపించేది ఎర్రర్ పేజీయే. ఇంత చిన్న వీపీఎస్ కంటే మంచి షేర్డ్ ప్లానే ఎక్కువ రద్దీ తట్టుకోవచ్చు. ఈ సంగతి చాలామందికి తెలియక అనవసరంగా మారిపోతున్నారు.

మారేముందు ఒక్కసారి ఫొటోలు చూడండి. ఫోన్‌తో తీసిన చీర ఫొటో 4, 5 ఎంబీ ఉంటుంది. అలాంటివి ఇరవై ఒకే పేజీలో పెడితే ఏ సర్వర్ మీదున్నా ఆ పేజీ తెరుచుకోవడానికి కొనేవాళ్లు ఎదురుచూడాల్సిందే. వెడల్పు 1200 పిక్సెళ్లకు తగ్గించి వెబ్‌పీ అనే తేలికైన ఫొటో రూపంలో పెడితే ఎన్నో రెట్లు తేలికవుతుంది, నేత అందం ఏమాత్రం చెడదు. తర్వాత పేజీ క్యాష్ ప్లగిన్ (తయారైన పేజీని దాచి మళ్లీ చూపేది) పెట్టండి, సైటుకు ముందు క్లౌడ్‌ఫ్లేర్ (సైటుకూ కొనేవాళ్లకూ మధ్య నిలిచి భారం తగ్గించే సేవ) ఉచిత ప్లాన్ తగిలించండి. ఆపైన సీప్యానెల్‌లో (హోస్టింగ్‌ను నిర్వహించుకునే చోటు) రిసోర్స్ యూసేజ్ పేజీని కొన్ని వారాలు గమనించండి. కార్ట్, చెకౌట్ పేజీలను క్యాష్ చేయకూడదు కాబట్టి వాటి భారం నేరుగా సర్వర్ మీదే పడుతుంది. ఇవన్నీ చేశాక కూడా డబ్బు కట్టే దగ్గర 508 వస్తోందంటే, అప్పుడు వీపీఎస్ గురించి ఆలోచించడం న్యాయం.

అప్పుడైనా కంపెనీయే నిర్వహించే మేనేజ్డ్ వీపీఎస్ తీసుకోమంటాను. ఖర్చు ఎక్కువే, కానీ ఆ డబ్బు సర్వర్‌ను కనిపెట్టుకుని ఉండే మనిషి కోసం. ఏమేం చూస్తారో ముందే రాతపూర్వకంగా అడగండి. సొంతంగా నడుపుకుంటామంటే కనీసం 2 జీబీ ర్యామ్, కొంత స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ భాగం), ఉబుంటు ఎల్‌టీఎస్ (ఏళ్ల తరబడి అప్‌డేట్లు అందే లినక్స్ రకం) ఉండాలి. పాస్‌వర్డ్ లాగిన్ తీసేసి ఎస్ఎస్‌హెచ్ (సర్వర్‌లోకి దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) కీ పెట్టండి. ఫైర్‌వాల్ ఆన్ చేసేముందు ఎస్ఎస్‌హెచ్‌కు అనుమతి ఇవ్వండి, లేకపోతే మీ సర్వర్ తలుపు మీకే మూసుకుంటుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఇచ్చే ఉచిత సర్టిఫికెట్ (సైటుకు https ఇచ్చేది) కొన్నాళ్లకే గడువు తీరిపోతుంది కాబట్టి ఆటో రెన్యూవల్ నిజంగా పనిచేస్తోందో పరీక్షించండి. చాలా కంపెనీలు వీపీఎస్‌లో 25వ పోర్టు (మెయిల్ బయటికి వెళ్లే దారి) మూసి ఇస్తాయి. సైటు బాగానే ఉంటుంది, ఆర్డర్ మెయిల్ మాత్రం ఎవరికీ అందదు. వేరే మెయిల్ సర్వీసు కలిపి, ఒక ఆర్డర్ మీరే వేసి చూసుకోండి.

మార్చే రోజుకు ముందే డీఎన్ఎస్ టీటీఎల్‌ను (మీ సైటు పేరు ఏ సర్వర్‌దో బయటి కంప్యూటర్లు గుర్తుంచుకునే గడువు) 300 సెకన్లకు తగ్గించండి. డేటా కాపీ మొదలుపెట్టగానే పాత సైటును మెయింటెనెన్స్‌లో (ఆర్డర్లు తీసుకోకుండా) పెట్టండి. లేకపోతే కొన్ని ఆర్డర్లు పాతచోట, కొన్ని కొత్తచోట పడి లెక్క తెగదు. పాత హోస్టింగ్ మరో రెండు వారాలు ఉండనివ్వండి.

"మా మేనల్లుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేరే, వాడు చూసుకుంటాడు" అంటారు కొందరు. మంచిదే. కానీ అతనికి లినక్స్ సర్వర్ నడిపిన అలవాటుందా? లాగిన్ వివరాలు ఇప్పుడే అతని దగ్గరున్నాయా? టవర్ పోయాక అడగాలంటే మీ ఫోనే పనిచేయదు. షేర్డ్‌లో ఉన్నా సరే, తుఫాను తాకని ఊళ్లో ఒకరికి సైటు అడ్మిన్ లాగిన్ ఇచ్చి ఉంచండి.

హోస్టింగ్ బిల్లు కట్టే విషయం చిన్నదిగా కనిపిస్తుంది కానీ సైటును ముంచేయగలదు. 2021 అక్టోబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం, ఈ-మ్యాండేట్ (డబ్బు దానంతట అది కట్ అవడానికి ముందే ఇచ్చే అనుమతి) నమోదు కాకపోతే కార్డు నుంచి నెలనెలా డబ్బు దానంతట అది కట్ అవదు. విదేశీ వీపీఎస్ కంపెనీల విషయంలో ఇది మరీ ఇబ్బంది. బిల్లు ఆగితే ముందు సర్వర్ ఆపుతారు, తర్వాత చెరిపేస్తారు. వీలుంటే జనవరి దాకా సరిపడా సొమ్ము కంపెనీ ఖాతాలో ముందే వేసుకోండి. డొమైన్ (సైటు పేరు) గడువు కూడా చూడండి. షేర్డ్ ప్లాన్‌కు మొదటి ఏడాది ధర చూసి లెక్కవేయకండి, రెన్యూవల్ ధరకు 18 శాతం జీఎస్టీ కలిపి చూడండి.

వీపీఎస్ స్నాప్‌షాట్ (సర్వర్ మొత్తం కాపీ) కూడా అదే ఖాతాలో ఉంటుంది, ఖాతా పోతే అదీ పోతుంది. డేటాబేస్, ఫొటోల కాపీ ఒకటి గూగుల్ డ్రైవ్‌లో వేరేగా ఉంచి, దాన్నుంచి సైటు తిరిగి లేస్తుందో లేదో ఒకసారి నిలబెట్టి చూడండి.

వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చాక ప్లగిన్లు, థీములు అప్‌డేట్ చేయకండి. ఇంకో సంగతి, సైటు బాగా నడుస్తుండడమే ఆ రోజుల్లో సమస్య కావచ్చు. బయటి ఊళ్లవాళ్లు డబ్బు కట్టేస్తూనే ఉంటారు, ఇక్కడ కొరియర్ కదలదు, మీకు ఆ ఆర్డర్లు కనిపించనే కనిపించవు. "తుఫాను కారణంగా పార్శిళ్లు ఆలస్యమవుతాయి" అనే నోటీసు ముందే రాసి ఉంచండి, చెకౌట్ ఆపడం ఎలాగో మీరు అడ్మిన్ లాగిన్ ఇచ్చిన ఆ బయటి ఊరి మనిషికి చూపించండి. గాలి మొదలవగానే నోటీసు పెట్టమని, మీ నుంచి కబురు లేకుండా ఒక రోజు గడిస్తే చెకౌట్ ఆపేయమని ఇప్పుడే చెప్పి ఉంచండి.